తుఫాను పుస్తకం, సిగ్గు పుస్తకం

మా పెదనాన్న బైబిలు ముందు అట్ట లోపలివైపు ఒక తేదీ ఉండేది. నీలం సిరా, కింద రెండు గీతలు. ఆయన రక్షణ పొందిన రోజది. కృష్ణా డెల్టాలోని మా ఊరి చర్చిలో ఆదివారం సాక్ష్యాల వేళ ఎవరు లేచినా ముందు తేదీ చెప్పేవాళ్లు, ఆ తర్వాత పాత బతుకు, ఆ తర్వాత ప్రభువు పట్టుకున్న వైనం. తేదీ లేనివాళ్లు నసిగేవాళ్లు. మా అమ్మకు ఫలానా రోజు అంటూ ఏదీ లేదు. అందుకని ఆమె ఎప్పుడూ లేవలేదు.

ఇలాంటి తేదీల్లో లోకమంతా ఎరిగినది ఒకటుంది, 1748 మార్చి 21. ఆ రోజు ఉత్తర అట్లాంటిక్‌లో గ్రేహౌండ్ అనే ఓడ తుఫానులో చిక్కింది. పక్క చెక్కలు ఊడిపోయి నీళ్లు లోపలికి వచ్చేశాయి. సరుకులో తేనెమైనం ఉండబట్టి, అది నీటికన్నా తేలిక కాబట్టి, ఓడ మునగలేదు. అందులో ఉన్న ఇరవై రెండేళ్ల నావికుడు జాన్ న్యూటన్, నోరు తెరిస్తే దైవదూషణ తప్ప మరోటి రానివాడు, దేవుణ్ణి కనికరించమన్నాడు. మన ఉజ్జీవ సభల్లో ఈ కథ వినని మనిషి ఉండడు. బానిసల వ్యాపారి, తుఫాను, ప్రార్థన, వెంటనే ఆ పాపపు వ్యాపారం వదిలేశాడు, 'అమేజింగ్ గ్రేస్' రాశాడు. ఇందులో తుఫాను నిజం, ప్రార్థన నిజం, పాట నిజం. 'వెంటనే' అన్నదొక్కటే అబద్ధం. ఆ ఒక్క మాట తీసేస్తే ప్రసంగం ఎలా నిలబడుతుందో నాకు తెలియదు గాని, మారుమనస్సు గురించి ఆలోచించడానికి మాత్రం అప్పుడే చోటు దొరుకుతుంది.

జరిగింది ఇది. తుఫాను తర్వాత న్యూటన్ బ్రౌన్‌లో అనే బానిసల ఓడ మీద మేట్‌గా వెళ్లాడు. 1750 నుంచి 1754 దాకా డ్యూక్ ఆఫ్ ఆర్గైల్, ఆఫ్రికన్ అనే రెండు ఓడలకు కెప్టెన్‌గా మూడుసార్లు ఆఫ్రికా తీరానికి పోయి మనుషుల్ని కొని, సముద్రం దాటించి అమ్మాడు. 1754లో సముద్రం మానేశాడు, అదీ మనస్సాక్షి పొడిచి కాదు, ఉన్నట్టుండి ఫిట్ లాంటిది వచ్చి పడిపోతే. లివర్‌పూల్‌లో సుంకాల ఉద్యోగం చేశాడు. 1764లో ఆంగ్లికన్ సంఘంలో అభిషేకం పొంది ఓల్నీ అనే చిన్న ఊరికి పాస్టరుగా వెళ్లాడు. పాట 1773 కొత్త సంవత్సరం ఆరాధన కోసం రాసింది. ఇప్పుడు మనం పాడే రాగం ఆ మాటలకు 1835లో అమెరికాలో జతపడింది.

ఈ మనిషి తన గురించి రెండు పుస్తకాలు రాశాడు. మొదటిది 1764 నాటి 'ఆథెంటిక్ నేరటివ్', ఒక మిత్రుడికి రాసిన పద్నాలుగు ఉత్తరాల ఆత్మకథ. రెండోది 1788 నాటి 'థాట్స్ అపాన్ ది ఆఫ్రికన్ స్లేవ్ ట్రేడ్', ఒక చిన్న కరపత్రం. మధ్యలో ఇరవై నాలుగేళ్లు. జీవితం అదే, ఓడలూ అవే. కానీ వాటిని పక్కపక్కన పెట్టి చదివితే, రాసినవాడు ఒక్కడేనా అనిపిస్తుంది.

తెలుగులో మనకొక సౌకర్యం ఉంది. చర్చిలో లేచి చెప్పేదీ సాక్ష్యమే, కోర్టులో బోనెక్కి చెప్పేదీ సాక్ష్యమే. మొదటి దాంట్లో నాకేం జరిగిందో చెబుతాం. రెండో దాంట్లో ఇంకొకరికి ఏం జరిగిందో చెప్పాలి. న్యూటన్ మొదటి పుస్తకం చర్చి సాక్ష్యం. రెండోది కోర్టు సాక్ష్యం.

మొదటి పుస్తకాన్ని తక్కువ చేయబుద్ధి కాదు. కథనం చెయ్యి తిరిగినది. ఏడేళ్లు నిండకముందే తల్లి పోవడం, నౌకాదళానికి బలవంతంగా పట్టుకుపోవడం, పారిపోయి దొరికి కొరడా దెబ్బలు తినడం, సియెరా లియోన్ దగ్గరి దీవుల్లో ఒక బానిసల వ్యాపారి దగ్గర దాదాపు బానిసలాగే ఆకలితో మాడడం, అన్నీ దాపరికం లేకుండా చెబుతాడు. తుఫానులో కెప్టెన్ తనను యోనాగా చూశాడని రాస్తాడు, తనూ ఒప్పుకున్నట్టే రాస్తాడు. ఆ పోలికే పుస్తకానికి వెన్నెముక. యోనా కథలో తుఫాను ఎవరి కోసం? యోనా కోసం. మిగతా ప్రయాణికులు పక్కవాళ్లు. న్యూటన్ పుస్తకంలో కూడా సముద్రం, ఆకలి, జ్వరం అన్నీ ఒక్క న్యూటన్‌ను దారికి తెచ్చుకోవడానికే వస్తాయి. మరి పాపమేమిటి? బూతు, దూషణ, నాస్తికపు వాదన, తోటి కుర్రాళ్లను చెడగొట్టడం. మనుషుల్ని అమ్మడం ఆ జాబితాలో లేదు. ఆ రోజుల్లో ఆ పని ధర్మమా కాదా అన్న అనుమానమే తనకు రాలేదని, అది దేవుడు తనకు నియమించిన పని అనే అనుకున్నానని తేటగా చెబుతాడు. గొలుసులు, బేడీలు చూస్తే మనసు చివుక్కుమనేదని, తానొక జైలు కాపలాదారులా ఉన్నానని, ఇంకాస్త దయగల పని ఇప్పించమని ప్రార్థించేవాడినని కూడా చెబుతాడు. ఒంటికి సరిపడని ఉద్యోగం గురించి గుమాస్తా గొణిగినట్టు ఉంటుంది ఆ చోటు.

నన్ను చాలాకాలం వదలనిది మరో చోటు. చివరి రెండు ఆఫ్రికా ప్రయాణాల్లో దేవుడి సహవాసం ఎంత మధురంగా ఉండేదో, అంతటి ఘడియలు ఇంకెప్పుడూ ఎరగనని ఆ పుస్తకంలో రాశాడు. ఆదివారం రెండు పూటలా ఓడ సిబ్బందికి ఆరాధన తనే నడిపేవాడు. తీరిక వేళల్లో కేబిన్‌లో కూర్చుని లాటిన్ కవుల్ని చదువుకునేవాడు. ఇదంతా నటన అనను. నటన అయితే తేలిగ్గా కొట్టిపారేయొచ్చు. ఆ భక్తి నిజమైనదే. అదే ఇబ్బంది.

ఇక 1788 కరపత్రం. యోనా లేడు, తుఫాను లేదు, తల్లి లేదు. మొదట్లోనే, తన మనస్సాక్షి తనను బహిరంగంగా సిగ్గుపడమంటోందని, ఈ ఒప్పుకోలు ఎంత నిజాయితీగలదైనా జరిగిపోయిన హానిని ఆపడానికిగాని పూడ్చడానికిగాని ఆలస్యమైపోయిందని చెప్పి, ఇక తన గోడు వదిలేస్తాడు. తర్వాతంతా లెక్క, వివరం. ఈ వ్యాపారంలో ఇంగ్లిష్ నావికులు ఎలా చస్తున్నారో, చావనివాళ్ల గుండెలు ఎలా రాళ్లవుతున్నాయో ముందు చెబుతాడు. ఆఫ్రికావాళ్ల సంగతి తర్వాత. ఈ వరస నాకు మొదట మింగుడు పడలేదు. తర్వాత అర్థమైంది, వింటున్నది పార్లమెంటు. వాళ్ల చెవికి ముందు సొంత నావికుల చావే వినబడుతుంది. బోనులో నిలబడ్డవాడికి న్యాయమూర్తి ఎవరో తెలియాలి కదా.

ఓడ అడుగున మనుషుల్ని ఎలా పడుకోబెట్టేవారో చెప్పేటప్పుడు న్యూటన్ వాడిన పోలిక అరలో పుస్తకాలు. రెండు వరసలుగా, ఒకదాని మీద ఒకటి, ఒకళ్లనొకళ్లు ఒరుసుకుంటూ, ఇంకొక్కటి కూడా పట్టదనేదాకా. బానిసల వ్యాపారం మీద రాసినవాళ్లంతా ఎత్తి చూపే పోలిక ఇది. నాకు మాత్రం దాన్ని చదవగానే మొదటి పుస్తకంలోని కేబిన్ గుర్తొచ్చింది. పైన లాటిన్ పుస్తకాలు, కింద ఈ పుస్తకాలు. 1764లో ఆ రెండూ ఒకే ఓడలో ఉన్నట్టు రాసేవాడికి తోచలేదు. 1788లో తోచిందో లేదో అతను చెప్పలేదు. కానీ ఆ మనుషుల గురించి రాయబోయేసరికి అతని చేతికొచ్చిన మాట పుస్తకాలే అయింది.

మారుమనస్సు అంటే ఇదే అయుండాలి అనిపిస్తుంది నాకు. కొత్త సంగతి తెలియడం కాదు, చూసినదాన్నే మళ్లీ చూడడం. గ్రీకు బైబిల్లోని మెటనోయాకు మనవాళ్లు పెట్టిన మాట మారుమనస్సు. యూదా ఇస్కరియోతు దగ్గరకొచ్చేసరికి మూలంలో మాట వేరే, మన అనువాదంలోనూ వేరే, పశ్చాత్తాపం. ఇంగ్లిష్‌లో చాలాకాలం రెంటికీ ఒకే మాట సరిపెట్టారు. ఈ తేడా మీద మన ప్రసంగీకులు ఒక మేడ కడతారు, పశ్చాత్తాపం ఉత్త ఏడుపని, మారుమనస్సే అసలైనదని. మేడ అంత గట్టిది కాదు. ద్రాక్షతోటకు పోనని తర్వాత వెళ్లిన కొడుకు ఉపమానంలో గ్రీకు మాట యూదాకు వాడినదే, అక్కడ అది మెప్పుకోలుగా వస్తుంది. పైగా యూదా ఏం తక్కువ చేశాడు? బాధపడ్డాడు, పాపం చేశానని నోటితో ఒప్పుకున్నాడు, ముప్పై వెండి నాణేలూ తిరిగి ఇచ్చేశాడు. యేసును ఎరగనని బొంకిన పేతురు ఏడ్చాడు, అంతే. తేడా ఏడుపులో లేదు, యూదాకు మర్నాడంటూ లేకపోవడంలో ఉంది. పేతురు మిగిలాడు. ఒడ్డున నిప్పుల దగ్గర మూడుసార్లు అదే ప్రశ్న అడిగించుకున్నాడు, గొర్రెల్ని మేపే పని నెత్తికెత్తుకున్నాడు.

మనం సాధారణంగా ముందు మారుమనస్సు, తర్వాత సమర్పణ అనుకుంటాం. సభల్లో పిలుపు వరసా అదే, ముందు చెయ్యెత్తండి, తర్వాత సమర్పించుకోండి. న్యూటన్ రెండు పుస్తకాలు ఈ వరసను తిరగేస్తాయి. ఓల్నీలో పదిహేనేళ్లకు పైగా లేసు అల్లుకుని బతికే పేదవాళ్ల ఇళ్లకు తిరిగాడు. మనసు చెదిరిన కవి విలియం కూపర్‌ను ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉన్నాడు. 1780లో లండన్ వెళ్లాక, 1785 చివర్లో విలియం విల్బర్‌ఫోర్స్ అనే యువ పార్లమెంటు సభ్యుడు తనకేం దారి అని అడగడానికి వస్తే, రాజకీయం వదలొద్దు, అక్కడే ఉండి సేవ చెయ్యమన్నాడు. ఇన్నేళ్లు ఇతరుల బాధ పక్కన కూర్చున్న తర్వాత, తన పాపమేమిటో అప్పుడు కనబడింది. సమర్పణ ముందొచ్చింది. దాని వెలుగులో పశ్చాత్తాపం వచ్చింది, ఓడ దిగిన ముప్పై నాలుగేళ్లకు.

న్యూటన్‌కు కూడా ఇందులో కొంత తెలుసు. తుఫాను తర్వాత చాలాకాలం వరకు తనను పూర్తి అర్థంలో విశ్వాసి అనుకోలేనని మొదటి పుస్తకంలోనే రాశాడు. మన సభల్లో ఆ వాక్యం ఎవరూ చదవరు.

ఒక ప్రశ్న మిగులుతుంది. అతను అంతకాలం చూడకపోవడం అతనొక్కడి గుడ్డితనమా? ఓడ కెప్టెన్‌గా ఉన్న రోజుల్లో అతనికి సువార్త చెప్పినవాళ్లెవరూ ఆ పని మానెయ్యమన్నట్టు ఆ ఆత్మకథలో కనబడదు. అతను అభిమానించిన మహా ప్రసంగీకుడు జార్జ్ వైట్‌ఫీల్డ్ జార్జియాలో బానిసత్వాన్ని చట్టబద్ధం చెయ్యాలని వాదించినవాడు, బానిసల్ని ఉంచుకున్నవాడు. సంఘం అతన్ని తిట్లు మానమంది, మానేశాడు. ఏది అడిగారో దాంట్లోనే మారాడు.

దీని పక్కన మన ఒంగోలును పెట్టి చూడాలి. 1866లో, మిషనరీ జాన్ క్లౌ అక్కడికి వచ్చిన కాలంలో, తాళ్లకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య, మాదిగ, బాప్తిస్మం పొందాడు. ఆ తొలి విశ్వాసులను మిషన్ అడిగినవి మూడే, ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. వినడానికి చిన్నవే. కానీ గొడ్డు చస్తే ఈడ్చుకుపోవడం, జాతరకు డప్పు కొట్టడం ఊరు మాదిగల మీద పెట్టిన చాకిరీ. మానేస్తే ఊరు ఊరుకోదు, ఊరుకోలేదు కూడా. అంటే ఇక్కడ సమర్పణకు మొదటి రోజే వెల కట్టాల్సి వచ్చింది. కరవు కాలంలో క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వించే కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. అప్పుడు పదిహేను నెలలపాటు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు, గింజల కోసం వచ్చారన్న మాట రాకూడదని. తర్వాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మందికి ఇచ్చారు.

ఒంగోలు లెక్క న్యూటన్ లెక్కకన్నా గట్టిదని నాకు చాలాకాలం గర్వంగా ఉండేది. లోపలి అనుభూతి కాదు, బయటి నడత చూశారు కదా అని. ఇప్పుడు ఆ గర్వంలో ఒక ముల్లు ఉంది. ఆకలికి చచ్చిన గొడ్డు తిన్నవాణ్ణి అది మానుకో, మారుమనస్సు పొందు అన్నారు. వాడికి ఆ తిండి మిగిల్చిన కరణాన్ని, మునసబును అలా అడగాల్సి వస్తే ఏం మానమనేవాళ్లు? న్యూటన్‌ను నోటి మాటలు మానమన్నారు, పేరయ్యను నోటి ముద్ద మానమన్నారు. పైవాడికి పాపం మాటల్లో ఉంది, కిందివాడికి బతుకులో ఉంది. పాపాల జాబితా రాసేవాడు ఎక్కడ కూర్చుని రాస్తున్నాడన్నది ఈ రెండు కథల్నీ కలిపి చదివితే గాని పట్టుబడదు.

కరపత్రం దగ్గరికి మళ్లీ వస్తాను, దాన్ని పొగిడి వదిలేస్తే ఈ పోలిక సగమే అవుతుంది. అందులో బొటనవేళ్లు బిగించే మర ఒకటి వస్తుంది. తిరుగుబాటు చెయ్యబోయారని పట్టుకున్నవాళ్లను ఆ మరలో పెట్టి గంటల తరబడి హింసించడం చూశానంటాడు. మరను తిప్పే చెయ్యి ఎలాంటిదైతే బాధ ఎంతటిదవుతుందో కూడా చెబుతాడు. ఆ చెయ్యి ఎవరిదో చెప్పడు. కెప్టెన్‌గా అతను రాసుకున్న ఓడ దినచర్య 1962లో అచ్చయింది. 1752 డిసెంబరులో ఆఫ్రికన్ ఓడ మీద కుట్ర జరుగుతోందని అనుమానం వచ్చినప్పుడు, నిజం ఒప్పుకోమని కొందరు కుర్రవాళ్లను బేడీలు వేసి ఆ మరలో పెట్టించినట్టు అందులో తనే రాసుకున్నాడు, కాస్తగా అని కూడా చేర్చాడు. తుఫాను అప్పటికి నాలుగేళ్ల నాటి మాట.

ఒప్పుకోలు రాబట్టడానికి మర తిప్పించినవాడు, ముప్పై ఆరేళ్ల తర్వాత తన ఒప్పుకోలు రాస్తూ, ఆ మర దగ్గరికొచ్చేసరికి 'చేశాను' అనాల్సిన చోట 'చూశాను' అన్నాడు. తాను ఆ వ్యాపారంలో భాగస్థుణ్ణని మొత్తం మీద ఒప్పుకున్నాడు, దాన్ని కాదనను. మొత్తం మీద ఒప్పుకోవడం సులువు. ఆదివారం ఆరాధనలో అందరం కలిసి పాపులమని చెప్పుకుంటాం కదా, ఎవరికీ గొంతు పట్టుకోదు. ఫలానా రోజు, ఫలానా కుర్రవాడి వేళ్లు అనేదగ్గరే గొంతు పడిపోతుంది.

అయినా ఈ రెండు పుస్తకాల్లో ఏది గొప్పదని అడిగితే నేను కరపత్రాన్నే ఎంచుకుంటాను, ఆ లోటుతో సహా. దానివల్ల పని జరిగింది. బానిసల వ్యాపారాన్ని రద్దు చెయ్యాలన్న సంఘం దాన్ని పార్లమెంటు సభ్యులకు పంచింది. ప్రివీ కౌన్సిల్ ముందు న్యూటన్ స్వయంగా సాక్ష్యమిచ్చాడు. 1807 మార్చిలో ఆ వ్యాపారాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. అదే డిసెంబరులో అతను పోయాడు. మొదటి పుస్తకం చదివి ఎందరో ఓదార్పు పొందారు, అదీ చిన్న సంగతి కాదు. కానీ ఆ ఓదార్పులో ఓడ అడుగున ఉన్నవాళ్లకు వాటా లేదు.

న్యూటన్ మాత్రం కడదాకా మొదటి పుస్తకం మనిషిగానే ఉండిపోయాడేమో. ఏటా మార్చి 21ని ఉపవాస ప్రార్థనలతో పాటించేవాడు. చూపు మందగించి, చెయ్యి సరిగా ఆడని వయసులో, 1805 మార్చి 21న డైరీలో ఆఖరి మాటలు రాశాడు, ఈ రోజు మళ్లీ వచ్చింది, చేతనైనట్టు పాటిస్తున్నాను అన్న అర్థంలో. కరపత్రానికి అలాంటి రోజంటూ లేదు. ఉండడానికి వీల్లేదు కూడా. ముప్పై నాలుగేళ్లలో ఏ రోజున కళ్లు తెరుచుకున్నాయని గీత గీస్తాడు?

మా పెదనాన్న వడ్ల మిల్లులో కాటా దగ్గర గుమాస్తాగా చేశారు. బస్తాకు ఇంత అని తరుగు తియ్యడం అక్కడ మామూలు. యజమానికి చూపించే తరుగు ఒకటి, రైతు దగ్గర కోసేది ఒకటి, మధ్యలోది ఆయనకు. చర్చిలో ఆయన సాక్ష్యం నేను చాలాసార్లు విన్నాను. సారా, పేకాట, పెద్దమ్మను కొట్టడం, అన్నీ ఉండేవి. కాటా సంగతి ఎప్పుడూ లేదు. ఆయన పోయాక బైబిలు నాకొచ్చింది. వెనక అట్ట లోపల పెన్సిలుతో రైతుల పేర్లు, పక్కన బస్తాలు, ఆ పక్కన రూపాయలు. ముందు అట్ట మీది తేదీకి ఎన్నేళ్ల తర్వాత ఆ జాబితా మొదలుపెట్టారో తెలిపే గుర్తేదీ లేదు. తిరిగి ఇచ్చింది జక్కయ్యలాగా నాలుగింతలు కాదు, తీసుకున్నదే, అదీ వాయిదాల్లో. ఒక్కో పేరు పక్కన చిన్న టిక్కులు, నాలుగైదు సార్లు. కొన్ని పేర్ల మీద అడ్డగీత. పెద్దమ్మను అడిగితే, "ఏటా కుప్పనూర్పిళ్లప్పుడు సైకిలేసుకుని పోయేవోడు నాయనా, ఎక్కడికో చెప్పేవోడు కాదు" అంది.

అడుగున మూడు పేర్లకు టిక్కూ లేదు, గీతా లేదు. ఒకదాని పక్కన 'నైజాం పోయారు' అని ఉంది.